ఆసుపత్రి చీటీ ఇంటికొచ్చాక

అందరికీ నమస్కారం. అమ్మలకి, పిన్నిలకి, వెనకాల గోడకి జారబడి నిలబడ్డ తమ్ముళ్ళకి కూడా. ఇందాక మైకులో డాక్టరమ్మ అన్నారు, నేను డాక్టర్ని కాదు బాబూ, ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే నర్సుగా చేసి రిటైరైనదాన్ని, మన ఒడిశాలోని ఈ బరంపురం సందుల్లో సంచీ తగిలించుకుని సూదులేసినదాన్ని, అప్పుడు ఏడ్చి గోలపెట్టినోళ్ళు కొందరు ఇప్పుడు మీసాలతో ఇక్కడే కూర్చున్నారు.

దోమల గురించి చెప్పమన్నారు, చెప్తాను, ముందు ఇంకోటుంది. మనకి ఒంట్లో బాగోపోతే ఎంకేసీజీ పెద్దాసుపత్రికి పరిగెట్టడం బాగా వచ్చు, 1962 నుంచి ఉన్న మెడికల్ కాలేజీ, ఇచ్ఛాపురం సోంపేట నుంచి కూడా జనం వస్తారు. కానీ డిశ్చార్జయ్యి ఇంటికొచ్చాక ఏటి చెయ్యాలో మనకి తెలీదు. చీటీ ఇంగ్లీషులో ఉంటాది, సిస్టర్ ఒడియాలో చెప్తాది, మన ముసలమ్మ తెలుగులో తలూపుతాది. ఇంటికి తెచ్చి దేవుడి పటం వెనకాల పెట్టీస్తాది, అంతే, మళ్ళీ ఆ చీటీ దసరాకి బూజు దులిపినప్పుడే బయటకొస్తాది.

మా వీధి కుర్రాడొకడు సూరత్ పోయాడు. మన గంజాం జిల్లా నుంచి సూరత్ పోయినోళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా, పవర్‌లూమ్ పని, ఒక గదిలో అంతమంది, వీడు డ్యూటీకి లేస్తే వీడి చాప మీదే ఇంకొకడు పడుకుంటాడు, గాలాడదు. దగ్గు తగ్గట్లేదని ఇంటికొస్తే టీబీ అన్నారు. మాత్రలు మొదలెట్టి రెండు నెలలు తిరక్కుండానే ఆకలేసింది, కండ పట్టింది, పిన్నీ నాకు తగ్గిపోయింది అని మళ్ళీ రైలెక్కీసాడు. మామూలు టీబీకి మందు 6 నెలలు, మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. మధ్యలో బాగున్నట్టు ఎందుకుంటాదంటే చాలా క్రిములు చచ్చిపోతాయి కాబట్టి, మిగిలినవి మొండివి, అప్పుడు వదిలీస్తే అవి ఆ మందుకి రాటుదేలిపోతాయి, ఇంక ఆ మాత్ర వాటినేమీ చెయ్యదు. వాడికి అదే అయ్యింది. తప్పు వాడిదొక్కడిదే అనను, నేను పక్కింట్లోనే ఉన్నాను, ఎప్పుడు పోతావురా అని ఒక్కసారి అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని, టీబీ ఉన్నోళ్ళ పేరు సర్కారు లెక్కలో రాసి నిక్షయ్ నంబరొకటి ఇస్తారురా, దేశంలో ఎక్కడికెళ్ళినా అదే నంబరు, ఇక్కడ చెప్పి బదిలీ చేయించుకుంటే మందు సూరత్‌లోనే ఇస్తారు అని. పని మానుకుని కూర్చోమని ఎవరూ అనట్లేదు కదా. తిండి డబ్బులు కూడా ఆ నంబరు మీదే బ్యాంకులో పడతాయి, 2018లో నెలకి 500తో మొదలెట్టారు, 2024 నవంబరు నుంచి 1000 చేసారు. ఇంట్లో మిగతావాళ్ళకీ, ముఖ్యంగా చిన్నపిల్లలకి, పరీక్ష చేయించాలి, ఇది చాలామంది దాచీస్తారు, కోడలికి తెలీకూడదంట!

సరే దోమలు. కాలవలో మురుగునీళ్ళ దోమ వేరు, డ్రమ్ములో మంచినీళ్ళ దోమ వేరు. మొదటిది రాత్రి కుడుతుంది, బోదకాలు తెస్తాది, రెండోది పగలు కుడుతుంది, డెంగీ తెస్తాది. కొళాయి రోజూ రాదని మనం డ్రమ్ముల్లో పడతాం, అది తప్పు కాదు, మూత లేకపోవడం తప్పు. గుడ్డు దోమవడానికి వారం పది రోజులు, అందుకే వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపల గోడ గట్టిగా తోమాలి, గుడ్లు గోడకే అంటుకునుంటాయి, ఒట్టినే నీళ్ళు పారబోస్తే పోవు.

బోదకాలు రాకుండా వేసే మాత్రలు ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి తెచ్చి ఇస్తే, దిదీ అక్కడ పెట్టు తర్వాత వేసుకుంటా అంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. అన్నం తిని వాళ్ళ ముందే మింగండి. కడుపుతో ఉన్నోళ్ళకి, రెండేళ్ళలోపు పిల్లలకి, బాగా జబ్బుతో ఉన్నోళ్ళకి ఇవ్వరు. ఇక కాలు ఇప్పటికే వాచినోళ్ళు చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని కూర్చోవద్దు. రోజూ సబ్బుతో కడుక్కుని, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్దుకుని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే, చెప్పులు వేసుకుంటే, వాపు మొత్తం పోకపోవచ్చు గానీ కాలు ఎర్రబడి చలిజ్వరం వచ్చి మూడేసి రోజులు మంచం పట్టడం తగ్గుతాది. మగ్గం గుంటలో కాళ్ళు దింపుకుని కూర్చునేవాళ్ళు మధ్యమధ్యలో లేవండి.

బీపీ మాటకొస్తే మా ఆయనే ఉదాహరణ, తలనొప్పి లేదు కదా మాత్రెందుకని మానీసాడు, నర్సు మొగుడు చూడండి! బీపీకి నొప్పి ఉండదండీ, పక్షవాతం వచ్చాకే తెలుస్తాది. 30 దాటినోళ్ళకి బీపీ, షుగరు మన అర్బన్ పీహెచ్‌సీలో, అదే మన వార్డు సర్కారు ఆసుపత్రిలో, డబ్బులు తీసుకోకుండా చూస్తారు.

అందుకే పాత చీటీలు తెమ్మన్నాను. ఎవరెవరు తెచ్చారు? మీరు ఇటు రండి అమ్మా, కళ్ళజోడు ఇవ్వండర్రా ఎవరైనా, ఇదేదో తారీఖు రాసింది మళ్ళీ రమ్మని… పోయిన నెలదే.