నవ్వితే మోకాళ్లు వంగే జబ్బు: ఫ్లూ, టీకాల పాత్ర ఎంత?

అందరికీ నమస్కారం.

పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఊహించుకోండి. స్నేహితుడు ఏదో జోకు వేశాడు. వీడు పగలబడి నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే దవడ జారింది, మెడ వాలింది, మోకాళ్లు పట్టుతప్పి కూలబడ్డాడు. జోకు వేసినవాడు పాపం హడలిపోయాడు. కానీ వీడికి స్పృహ పోలేదు, చుట్టూ మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి లేచి కూర్చున్నాడు. దీన్ని కెటాప్లెక్సీ అంటారు. ఇదే పిల్లవాడు రాత్రి బాగా పడుకున్నా పగలు క్లాసులో నిద్రలోకి జారిపోతాడు. ఇంట్లో ‘బద్ధకం’ అంటారు. జబ్బు పేరు నార్కోలెప్సీ అని తేలేసరికి ఏళ్లు గడిచిపోవడం మామూలే.

మెదడు లోతుల్లో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అక్కడ కొన్ని పదుల వేల కణాలు హైపోక్రెటిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. దీన్ని 1998లో కనుక్కున్నారు. మనల్ని మెలకువగా నిలబెట్టేది అదే. 2000లో, చనిపోయిన నార్కోలెప్సీ రోగుల మెదళ్లను పరీక్షిస్తే ఆ కణాలు దాదాపుగా కనిపించలేదు. విచిత్రం ఏమిటంటే, వాటితో కలిసిమెలిసి ఉండే వేరే రకం కణాలు చెక్కుచెదరలేదు. అంత గురిచూసి కొట్టగలిగేది ఎవరు? అనుమానం మన రోగనిరోధక వ్యవస్థ మీదికే పోతుంది. పైగా కెటాప్లెక్సీ ఉన్న రోగుల్లో నూటికి 95 మందికి పైగా హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఒకే రకం ఉంటుంది. శత్రువు ముక్కలను టి-కణాలకు, అంటే రోగనిరోధక వ్యవస్థలోని సైనికులకు, చూపించే పని ఈ జన్యువులదే. అయితే ఆ రకం ఐరోపాలో సుమారు నలుగురిలో ఒకరికి ఉంది, వాళ్లలో చాలామందికి జబ్బు రాదు. అంటే నిప్పు రాజేసేది ఇంకేదో ఉండాలి.

2009లో హెచ్1ఎన్1 ఫ్లూ ప్రపంచమంతా పాకింది. ఐరోపాలో పాండెమ్రిక్స్ అనే టీకాను కోట్లమందికి వేశారు. అందులో ప్రభావాన్ని పెంచడానికి ఏఎస్03 అనే అడ్జువెంట్ కలిపారు. 2010 ఆగస్టులో స్వీడన్, ఫిన్లాండ్ నుంచి కబురు వచ్చింది: టీకా వేయించుకున్న పిల్లల్లో నార్కోలెప్సీ కనబడుతోందని. ఫిన్లాండ్‌లో 4 నుంచి 19 ఏళ్లవాళ్లను లెక్కతీస్తే, వేయించుకోనివాళ్లతో పోలిస్తే ముప్పు 12 రెట్లకు పైగా ఉంది. భయపెట్టే అంకె. కానీ మామూలుగా ఇది చాలా అరుదైన జబ్బు కాబట్టి, టీకా పడిన సుమారు 16,000 మంది పిల్లల్లో ఒకరికి వచ్చింది. ఇంగ్లండ్‌లో కూడా పిల్లల్లో ముప్పు పెరిగినట్టు తేలింది. ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. ఈ లెక్కలు తీసి బయటపెట్టినవాళ్లలో ఆ దేశాల ప్రజారోగ్య సంస్థల పరిశోధకులే ముందున్నారు.

ఇంతలో బీజింగ్ నుంచి మరో ముక్క దొరికింది. అక్కడ ఫ్లూ సీజన్ ముగిసిన కొన్ని నెలలకు, 2010లో, కొత్త కేసులు సుమారు మూడింతలయ్యాయి. వాళ్లలో అత్యధికులు టీకానే వేయించుకోలేదు. అంటే వైరస్‌కీ ఇందులో వాటా ఉందన్నమాట. ఇటు కెనడాలో, క్యుబెక్‌లో, అదే అడ్జువెంట్‌తో తయారైన మరో టీకాను విస్తారంగా వేశారు. అక్కడ ముప్పు చాలా స్వల్పంగానే కనిపించింది. కాబట్టి తప్పంతా అడ్జువెంట్ మీద వేసి చేతులు దులుపుకోవడం కుదరదు. టీకాల్లోని వైరస్ ప్రోటీన్ల తేడానా, అదే సమయంలో పిల్లలకు అసలు ఫ్లూ కూడా సోకిందా? రెండూ కలిసే పనిచేశాయని నా అభిప్రాయం.

మరి ఫ్లూ మీద మొదలైన పోరు మెదడు కణాల దాకా ఎలా వెళ్లింది? అందరూ చెప్పే సిద్ధాంతం ‘పోలిక’. వైరస్ ప్రోటీన్ ముక్క హైపోక్రెటిన్ ముక్కలాగా కనిపిస్తే, టి-కణాలు ఒకదాన్ని చూసి మరొకటి అనుకుంటాయి. దొంగను పట్టుకోబోయి ఇంటివాణ్ణి కొట్టినట్టు. 2013లో దీనికి రుజువు దొరికిందని ఒక పరిశోధన వచ్చింది. ఫలితాలు మళ్లీ రాబట్టలేక, రాసినవాళ్లే 2014లో వెనక్కి తీసుకున్నారు. 2018లో మాత్రం రోగుల రక్తంలో హైపోక్రెటిన్‌ను గుర్తుపట్టే టి-కణాలు నిజంగానే దొరికాయి. కానీ అవి ఫ్లూ ముక్కలకు స్పందించలేదు! అదే ఏడాది ఇంకో బృందం పోలిక ఉందనే చెప్పింది. తగవు ఇంకా నడుస్తూనే ఉంది.

‘అయితే ఫ్లూ టీకా మానేయాలా?’ అని అడుగుతారని తెలుసు. అమెరికాలో 2009లో అడ్జువెంట్ లేని టీకా వేశారు, అక్కడ నార్కోలెప్సీ పెరగలేదు. పాండెమ్రిక్స్ ఇప్పుడు వాడకంలో లేదు. మామూలుగా ఏటా వేసే టీకాలతో ఇలాంటి పెరుగుదల కనబడలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.