పాత సున్నం సీలింగ్ నానిపోయిందా? పీకేయకముందు ఇది చూడండి

[దృశ్యం: బెంగుళూరు పెంకుల ఇల్లు. లోపల సీలింగ్ మీద టీ రంగు మరక, మధ్యలో కాస్త కిందికి దిగిన గార.]

నమస్కారమండీ. గోదావరి డెల్టాలో తుపాను వెళ్లిన వారానికి తాపీ మేస్త్రీ దొరకడమే కష్టం. దొరికినాయన ఈ మరక చూసి చెప్పే మాట ఒకటే: "పీకేసి పీవోపీ కొట్టేద్దామండి." సరేననే ముందు అసలు ఈ సీలింగ్ పైన దేన్ని పట్టుకుని ఆగిందో చూద్దాం.

[దృశ్యం: ఊడిన గార పెచ్చు చేతిలో. వెనక్కి తిప్పితే వరసగా గడ్డకట్టిన సున్నం బొడిపెలు.]

దొరల కాలం బంగళాల్లో, వాటిని చూసి కట్టిన పాత పెద్ద ఇళ్లలో అక్కడక్కడా ఉండే పద్ధతి ఇది. దూలాల కింద సన్నటి చెక్క బద్దలు మేకులతో కొడతారు. బద్దకీ బద్దకీ మధ్య పావంగుళం సందు. తాపీతో నొక్కినప్పుడు సున్నం ఆ సందులోంచి పైకి దూరి, అవతల వైపు ఒరిగి గట్టిపడుతుంది, కాజాలో గుండీ ఇరుక్కున్నట్టు. ఈ బొడిపెల్నే పట్లు అనుకుందాం. అంగుళానికి కాస్త తక్కువ మందంలో గార ఉంటే చదరపు అడుగుకి సుమారు 3 కిలోలు. పది అడుగులకి పది అడుగుల గది అంటే 300 కిలోలు, ఆ బరువంతా పట్ల మీదే. నీళ్లు పడితే చెక్క ఉబ్బుతుంది, మేకు తుప్పు పడుతుంది, పట్టు విరుగుతుంది. కింద నుంచి చూస్తే మాత్రం మరక ఒక్కటే కనిపిస్తుంది.

కాబట్టి మరక సైజు చూసి కంగారు పడక్కర్లేదు. వేలి కణుపుతో కొట్టి వినండి. "టక్" మంటే గట్టిగా ఉంది. "డబ్" మంటే గుల్ల. అరచేత్తో మెల్లగా నొక్కితే పైకీ కిందికీ ఆడుతుంటే అక్కడ పట్లు పోయాయి. కానీ గార ఉబ్బి నీళ్లు నిలిచి ఉంటే కొట్టొద్దు. ముందు కరెంటు మెయిన్ ఆపేయండి. ఫ్యాను వైరు ఆ తడిలోంచే వస్తుంది. కింద బకెట్ పెట్టి, పక్కకి నిలబడి, స్క్రూడ్రైవర్‌తో చిన్న బెజ్జం పెట్టి నీళ్లు దించండి.

[దృశ్యం: సరుగుడు బాదుల మీద ప్లైవుడ్ చెక్క, దాని మీద పాత బొంత, సీలింగ్‌కి ఆనించి.]

ఇలా ఆనించి ఉంచితే దిగిన గార ఇంకా దిగదు. కిందికి దిగిందని బలంగా పైకి ఎత్తకండి, మిగిలిన పట్లూ విరుగుతాయి.

ఇక చాలామంది తొందరపడే చోటు. పైన పెంకు సరిచేయకుండా, బద్దలు ఆరకుండా కింద గార పని మొదలెట్టకూడదు. ఎండ కాసినప్పుడు పైన రెండు పెంకులు తీసి గాలి ఆడనివ్వండి, గదిలో స్టాండు ఫ్యాను పెట్టండి. కార్తీకంలో తడిస్తే మన గాలిలోని తేమకి నెల పైనే పట్టొచ్చు. సంక్రాంతి దాటాక పని పెట్టుకున్నా నష్టం లేదు. ఈలోగా వేలితో బద్దని గుచ్చి చూడండి. మెత్తగా దిగినా, చెద పట్టినా ఆ బద్ద మార్చాల్సిందే.

గుల్లగా ఉన్నా పగలని చోట పీకక్కర్లేదు. సన్న బెజ్జాలు వేసి, వెడల్పు వాషరున్న స్టెయిన్‌లెస్ స్క్రూతో గారని బద్దకి మెల్లగా బిగించి, పైన సున్నం పూస్తే సరి. ఊడిన చోట మాత్రం గట్టి అంచు దొరికేదాకా చెక్కి, బద్దల సందుల్లో పాత సున్నం శుభ్రం చేయాలి.

[దృశ్యం: తట్టలో సున్నం, ఇసుక, కత్తిరించిన కొబ్బరి పీచు.]

సిమెంటు వద్దండి. ఎవరు చెప్పినా వద్దు. చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. సున్నం దాంతో కాస్త సర్దుకుంటుంది, సిమెంటు బిర్రబిగిసి పగుళ్లిస్తుంది, చెమ్మని లోపలే ఆపేస్తుంది. మాగిన తడి సున్నం ఒక పాలు, గోదావరి ఇసుక మూడు పాళ్లు. సముద్రపొడ్డు ఇసుక, ఉప్పు బోరు నీళ్లు ముట్టుకోకండి. ఉప్పు గాలిలోని తేమని లాక్కుని గారని పొడిపొడిగా రాలుస్తుంది. కోనసీమలో పీచుకి కరువా? వేలెడు ముక్కలు కోసి మొదటి పూతలో కలపండి. కళ్లద్దాలు తప్పనిసరి, తల పైన పని, సున్నం కంట్లో పడితే కన్ను పోతుంది.

బద్దల మీద నీళ్లు చిలకరించి, మొదటి పూతని సందుల్లోకి దూరేలా నొక్కాలి. కొత్త పట్లు పడేది ఇక్కడే, మేస్త్రీ పక్కన నిలబడి మరీ చూడండి. కాస్త బిగిశాక మేకుతో అడ్డగీతలు గీస్తే రెండో పూత అంటుకుంటుంది. అది గట్టిపడ్డాక పలచటి నునుపు పూత. పూతకీ పూతకీ మధ్య రోజులు పడతాయి, ఆ రోజుల్లో నీళ్లు చల్లుతూ ఉండాలి. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, తొందరపెడితే పగులుతుంది.

రంగు? ప్లాస్టిక్ పెయింట్ కాదు, వెల్లే మూడు సార్లు. పాత మరక లేతగా మళ్లీ తేలితే పెన్సిల్‌తో దాని అంచు చుట్టూ గీసి ఉంచండి. వచ్చే వానలకి మరక ఆ గీత దాటితే పెంకు మళ్లీ కారుతున్నట్టు, ముందు పైకెక్కి ఇల్లు నేయించుకోండి.