అడిగింది మళ్ళీ అడగని దేశం

అందరికీ నమస్కారం. ఇవాళ ఎస్టోనియా గురించి మాట్లాడతాను. బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఫిన్లాండ్‌కి ఎదురుగా ఉంటుంది. జనాభా 13 లక్షల పైచిలుకు, అంటే మన విశాఖపట్నంలో ఉండేవాళ్ళ కంటే తక్కువ. ఇంత చిన్న దేశం ఐటీలో, టెలికాంలో పేరెలా తెచ్చుకుందంటే చాలామంది ఇంటర్నెట్‌లో ఫోన్ కాల్స్ చేసుకునే స్కైప్ పేరు చెప్తారు. నేను అక్కడ మొదలుపెట్టను, ఎందుకంటే అసలు పని స్కైప్‌కి చాలా ముందే మొదలైంది.

1991 ఆగస్టులో సోవియట్ యూనియన్ నుంచి బయటపడేసరికి వాళ్ళ దగ్గర డబ్బు లేదు, ఫోన్ లైన్లూ అంతంతమాత్రం. అప్పట్లో ఫిన్లాండ్ తన పాత అనలాగ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీని ఊరికే ఇస్తానంటే వద్దన్నారని, పెట్టుకుంటే డిజిటలే పెట్టుకుంటామన్నారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చేతిలో పైసా లేనప్పుడు ఊరికే వచ్చేదాన్ని కాదనడానికి ఎంత ధైర్యం కావాలి! కానీ ఆ లెక్క సరైనదే. పాతది తెచ్చుకుంటే దానికి స్పేర్ పార్టులు, దాన్ని నడపడానికి మనుషులు, ఆ తర్వాత తీసేయడానికి మనసొప్పక ఇంకో పదేళ్ళు. మన ఊళ్ళలో కూడా ల్యాండ్‌లైన్ ముఖం చూడకుండానే సెల్‌ఫోన్ పట్టుకున్న ఇళ్ళు ఎన్ని లేవు?

అయితే వాళ్ళు పూర్తిగా సున్నా నుంచి మొదలుపెట్టారనుకోకండి. సోవియట్ రోజుల్లోనే, 1960లో, రాజధాని టాలిన్‌లో కంప్యూటర్ల మీద పనిచేసే సైబర్నెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, కాబట్టి ప్రోగ్రామింగ్ తెలిసిన మనుషులు ఉన్నారు. 1996లో అధ్యక్షుడు లెన్నార్ట్ మేరి ‘టైగర్ లీప్’ ప్రకటించారు. బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్, టీచర్లకు ట్రైనింగ్.

ఇక నాకు బాగా నచ్చిన సంగతికొస్తాను. మా నాన్నగారి పెన్షన్ పని మీద ఒక ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడు ఒకే కాగితానికి నాలుగుసార్లు జిరాక్స్ తీయించాను. ఆ కాగితం ఇచ్చిందీ ప్రభుత్వమే, అడిగేదీ ప్రభుత్వమే, మధ్యలో ఫైల్ పట్టుకుని తిరిగేది మాత్రం మనం. ఎస్టోనియాలో ఇలా అడగడానికి చట్టమే ఒప్పుకోదు. ఒకసారి ఇచ్చిన వివరం ప్రభుత్వం దగ్గర ఉంటే, ఇంకో శాఖ దాన్ని మళ్ళీ మనిషిని అడగకూడదు, ఆ శాఖే వెళ్ళి తెచ్చుకోవాలి.

దానికోసం 2001లో ‘ఎక్స్-రోడ్’ అనే ఏర్పాటు చేశారు. అందరి వివరాలూ ఒకే చోట పోగేసే పెద్ద డేటాబేస్ కాదది. ఆసుపత్రి రికార్డులు ఆసుపత్రి దగ్గరే, భూమి రికార్డులు వాటి శాఖ దగ్గరే ఉంటాయి, అవసరమైనప్పుడు ఒకదాన్నొకటి అడిగి తెచ్చుకోవడానికి భద్రమైన దారి ఈ ఎక్స్-రోడ్. జనం చేతిలో 2002 నుంచి చిప్ ఉన్న ఐడీ కార్డు. దానికి రెండు పిన్‌లు: ‘నేనే’ అని చెప్పుకోవడానికి నాలుగంకెలది, సంతకం పెట్టడానికి ఐదంకెలది. ఆ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ. పన్ను, మందుల చీటీ, చివరికి ఓటు కూడా దీంతోనే. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఇంటర్నెట్‌లోనే పడ్డాయి.

మరి జనం నమ్మడమెలా? అక్కడ తన వివరాలు ఏ శాఖ ఎప్పుడు తీసి చూసిందో ఎవరికి వారు లాగిన్ అయి చూసుకోవచ్చు. సంబంధం లేని ఉద్యోగి తొంగిచూస్తే దొరికిపోతాడు. ఆధార్ కార్డు చేతిలో ఉన్న మనమంతా గట్టిగా అడగాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఇదంతా చిన్న దేశం కాబట్టి కుదిరిందంటారు కొందరు. నేనైతే చిన్న దేశం కాబట్టి తప్పలేదంటాను. 13 లక్షల మందిలో ఎంతమందిని గుమాస్తాలుగా కూర్చోబెడతారు? కంపెనీలదీ అదే పరిస్థితి. సొంత దేశంలో సరిపడా కస్టమర్లే లేరు, మొదటి రోజు నుంచే బయటి దేశాల కోసం తయారుచేయాలి. స్కైప్‌కి డబ్బూ ఆలోచనా తెచ్చింది ఒక స్వీడన్ ఆయన, ఒక డెన్మార్క్ ఆయన అయినా, 2003లో ఆ సాఫ్ట్‌వేర్ రాసింది టాలిన్ ఇంజనీర్లు. 2005లో ఈబే అనే అమెరికా కంపెనీ దాన్ని 260 కోట్ల డాలర్లకు కొన్నాక ఆ డబ్బుతో, ఆ అనుభవంతో కొత్త కంపెనీలు పుట్టాయి. విదేశాల నుంచి డబ్బు పంపడానికి మనవాళ్ళూ వాడే వైజ్‌ని పెట్టిన ఇద్దరిలో ఒకరు స్కైప్‌లో పనిచేసినవారే.

దెబ్బలు తగల్లేదా అంటే తగిలాయి. 2007లో సైబర్ దాడులతో బ్యాంకులు, పత్రికల సైట్లు స్తంభించాయి. 2017లో ఏడున్నర లక్షల కార్డుల చిప్‌లో లోపం బయటపడింది. సెప్టెంబరులో ప్రభుత్వమే ఆ సంగతి బయటపెట్టింది, నవంబరులో ఆ కార్డుల్లోని డిజిటల్ సర్టిఫికెట్లు ఆపేసి, జనం ఇంట్లోంచే కార్డులు అప్‌డేట్ చేసుకునేలా చేసింది. దాచిపెట్టి ఉంటే ఆ కార్డుని ఇంకెవరు నమ్ముతారు?

1940లో సోవియట్ సైన్యం వచ్చి ఆక్రమించుకున్న దేశం అది. ఆ భయం వాళ్ళకింకా పోలేదు. అందుకే ముఖ్యమైన రికార్డుల నకళ్ళు లక్సెంబర్గ్ దేశంలోని సర్వర్లలో పెట్టుకోవడానికి 2017లో ఒప్పందం రాసుకున్నారు. రాయబార కార్యాలయానికి ఉండే రక్షణే ఆ సర్వర్లకీ ఉంటుంది. రేపు ఎవరైనా వచ్చి టాలిన్‌లో కూర్చున్నా, ఎవరి భూమి ఎవరిదో చెప్పే రికార్డులు మాత్రం వాళ్ళకి దొరకని చోట భద్రంగా ఉంటాయి.