కౌన్సిల్ కేర్ బిల్లు: ఆ అంకె ఎలా వచ్చిందో అడగండి

నమస్కారం అండీ. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ అనే కౌంటీ ఉంది. అక్కడ డౌన్స్ సిండ్రోమ్ ఉన్న ఒక అమ్మాయి కేసుతో ఇవాళ్టి వీడియో మొదలుపెడతాను. కోర్టు కాగితాల్లో ఆమె పేరు లేదు, ఎస్.హెచ్. అన్న అక్షరాలే ఉన్నాయి. తీవ్రమైన వైకల్యం వల్ల ఆమె ఉద్యోగం చేసే పరిస్థితిలో లేదు. ప్రభుత్వం ఇచ్చే భత్యాల మీదే బతుకుతోంది. ఆమెకు అందే కేర్‌కి, అంటే రోజువారీ సంరక్షణకి, కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, వారానికి 16 పౌండ్ల 88 పెన్నీలు తీసుకునేది. తర్వాత కౌన్సిల్ తన లెక్కల పద్ధతి మార్చింది. కొత్త లెక్క ప్రకారం ఆమె కట్టాల్సింది 50 పౌండ్ల 53 పెన్నీలు. అంటే దాదాపు మూడు రెట్లు.

ఆమె ఆదాయమేమీ పెరగలేదు. మరి బిల్లు ఎందుకు పెరిగింది? కౌన్సిల్ రెండు పనులు చేసింది. ఖర్చులకి మనిషి చేతిలో వదిలే డబ్బుని తగ్గించింది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకి వచ్చే పెద్ద రేటు భత్యాన్ని పూర్తిగా ఆదాయంలో కలిపేసింది. ఇక్కడ ఒక రూల్ తెలియాలి. కేర్ ఛార్జీ లెక్కలో ఉద్యోగం మీద వచ్చే జీతాన్ని కౌన్సిల్ ముట్టుకోకూడదు. వైకల్యం కొంచెం తక్కువగా ఉండి ఉద్యోగం చేయగలిగినవాళ్ల జీతం భద్రంగా ఉంటుంది. అసలు పని చేయలేని వాళ్లకి వచ్చేది భత్యమే కాబట్టి, భారమంతా వాళ్ల మీదే పడుతుంది. 2020 డిసెంబరులో హైకోర్టు సరిగ్గా ఈ మాటే చెప్పింది. తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ల పట్ల ఇది వివక్ష అని, మానవ హక్కులకి విరుద్ధమని తీర్పు ఇచ్చింది.

ఈ కేసుతో ఎందుకు మొదలుపెట్టానంటే, కౌన్సిల్ నుంచి కవరు రాగానే మనవాళ్లు చాలామంది అందులో ఉన్న అంకెని కరెంటు బిల్లులా చూసి కట్టేస్తారు. అది మీటర్ రీడింగ్ కాదండీ. ఒక ఆఫీసులో ఎవరో కూర్చుని, కొన్ని రూల్స్ పెట్టుకుని వేసిన లెక్క. ఆ లెక్క తప్పు కావచ్చు. అందులో మీకు రావాల్సిన మినహాయింపు రాకపోయి ఉండవచ్చు.

ముందు నేపథ్యం ఒక్క నిమిషంలో. 1948లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, మొదలైనప్పుడు వైద్యం ఉచితం అయింది. కానీ స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడం, కేర్ హోమ్‌లో ఉంచడం లాంటి సోషల్ కేర్ కౌన్సిళ్ల చేతిలో ఉండిపోయింది, స్తోమతని బట్టి డబ్బు కట్టే పద్ధతిలో. ఇప్పుడు దీన్ని నడిపేది 2014 కేర్ యాక్ట్. ఛార్జీ తీసుకోవచ్చని ఆ చట్టం కౌన్సిల్‌కి అధికారం ఇచ్చింది. తీసుకుని తీరాలని చెప్పలేదు. లండన్‌లో హ్యామర్‌స్మిత్ అండ్ ఫుల్హామ్ కౌన్సిల్ 2015లో ఇంటి దగ్గర ఇచ్చే కేర్‌కి ఛార్జీ ఎత్తేసింది. కాబట్టి "చట్టం ప్రకారం మేం వసూలు చేయాల్సిందే" అని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఆ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం.

ఇక లెక్క. పొదుపు, ఆస్తి కలిపి 23,250 పౌండ్లు దాటితే ఖర్చు మొత్తం మీదే. 14,250 లోపు ఉంటే పొదుపుని వదిలేసి, పెన్షన్, భత్యాల లాంటి ఆదాయాన్ని మాత్రం చూస్తారు. ఈ రెండింటి మధ్య ఉంటే ప్రతి 250 పౌండ్లకి వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు అనుకుంటారు. ఒక పెద్దాయన దగ్గర 18,250 పౌండ్లు ఉన్నాయనుకోండి. కింది హద్దు పైన ఉన్నది 4,000. దాని మీద వారానికి 16 పౌండ్లు వస్తున్నట్టు లెక్క రాస్తారు. ఏడాదికి 832 పౌండ్లు. నాలుగు వేల మీద ఎనిమిది వందలు, అంటే నూటికి ఇరవై పైన వడ్డీ! అంత వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. దాచుకున్న డబ్బుని కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టించడమే దీని వెనక ఉన్న ఆలోచన. నాకు ఇది న్యాయంగా అనిపించదు.

ఇంటి దగ్గర కేర్ తీసుకునేవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సింది వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చు. భత్యాన్ని ఆదాయంగా లెక్క వేసినప్పుడు, ఆ వైకల్యం వల్ల పెరిగిన ఖర్చుని కౌన్సిల్ అందులోంచి తీసేయాలి. ఉదాహరణకి, అమ్మకి రాత్రిళ్లు పక్క తడుస్తుంది. దుప్పట్లు రోజూ ఉతకాలి. వాషింగ్ మెషీన్ రోజూ తిరుగుతుంది, సబ్బు పొడి, నీళ్లు, కరెంటు అన్నీ ఎక్కువే. చలికి తట్టుకోలేదు కాబట్టి హీటింగ్ పగలంతా ఆన్‌లోనే ఉంటుంది. ప్రత్యేకమైన ఆహారం, చెప్పులు, పడిపోతే నొక్కే అలారం నెల బిల్లు, వీల్ చైర్ రిపేరు, ఇల్లు శుభ్రం చేసే మనిషికి ఇచ్చే డబ్బు. ఇవన్నీ చూపించవచ్చు. కొన్ని కౌన్సిళ్లు ఇంత అని ఒక చిన్న మొత్తం వేసి వదిలేస్తాయి. అంతకన్నా ఎక్కువ అవుతుంటే రసీదులు పెట్టి అడగాలి. మన ఇళ్లలో దీని దగ్గరే ఆగిపోతాం. అమ్మ పక్క తడుపుతుందని ఆఫీసులో రాసివ్వడం ఏమిటని కొడుకులకి మొహమాటం. ఆ మొహమాటానికి ప్రతి వారం డబ్బు పోతోంది.

కేర్ హోమ్‌కి వెళ్తే లెక్క మారుతుంది. ఇంటి దగ్గర కేర్ తీసుకున్నంత కాలం ఉంటున్న ఇంటిని లెక్కలోకి తీసుకోరు. శాశ్వతంగా హోమ్‌కి మారితే ఆ ఇంటి విలువ కూడా వచ్చి చేరుతుంది. అక్కడ భార్యో భర్తో, లేదా 60 దాటిన దగ్గరి బంధువో ఉంటుంటే మినహాయింపు. మొదటి 12 వారాలు ఇంటిని పక్కన పెడతారు. వెంటనే అమ్మాల్సిన పని లేకుండా, ఫీజుని ఇంటి మీద బాకీగా రాయించుకునే ఒప్పందం కూడా ఉంది, వడ్డీతో. కౌన్సిల్ సాయంతో హోమ్‌లో ఉండేవాళ్లకి, పెన్షన్‌లోంచి ఫీజు పోగా చేతిలో మిగిలేది వారానికి 30 పౌండ్ల పైచిలుకు. మనవరాలి పుట్టినరోజుకి ఒక బొమ్మ కొనాలన్నా అందులోంచే.

ఇల్లు పిల్లల పేరున రాసేస్తే సరిపోతుందని, ఏడేళ్లు దాటితే అడగరని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఆ ఏడేళ్లు వారసత్వ పన్నుకి సంబంధించిన రూల్. కేర్ ఛార్జీకి అలాంటి గడువు లేదు. ఛార్జీ తప్పించుకోవడానికే రాసిచ్చారని తేలితే, ఇల్లు ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్క వేస్తారు. పుచ్చుకున్నవాళ్ల దగ్గర వసూలు చేసే అధికారం కూడా ఉంది.

ఇప్పుడు అచ్చంగా మనవాళ్ల సంగతి. అరవైల్లో, డెబ్బైల్లో ఆంధ్ర నుంచి వచ్చి ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసిన డాక్టర్ల తరం ఇప్పుడు కేర్ అవసరమయ్యే వయసులో ఉంది. చాలామందికి ఊళ్లో పొలమో, హైదరాబాద్‌లో ఫ్లాటో ఉంది. విదేశాల్లో ఉన్న ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. ఉంటున్న ఇల్లు కాదు కాబట్టి ఇంటి దగ్గర కేర్‌కి కూడా వస్తుంది. అమ్మి డబ్బు ఇక్కడికి తెచ్చుకునే వీలుంటే, అక్కడి ధర చూసి ఖర్చులు పోను లెక్క వేస్తారు. మొత్తం డబ్బు తెచ్చుకోవడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోకపోతే, ఆ పరిస్థితుల్లో ఇక్కడ కొనేవాడు ఎంత ఇస్తాడో ఆ విలువే చూడాలి. అన్నదమ్ముల ఉమ్మడి పొలమైతే మీ వాటా మాత్రమే. దాచిపెట్టకండి. కాగితాలతో చూపించి, ఆ విలువ తగ్గించమని వాదించండి.

ఇంకో భయం ఉంది. నాన్న కట్టలేకపోతే కొడుకుని అడుగుతారేమోనని. మన దేశంలో 2007 చట్టం తల్లిదండ్రుల పోషణ భారం పిల్లల మీద పెట్టింది. ఇంగ్లండ్‌లో అలా లేదు. కొడుకు జీతం, కూతురు జీతం కౌన్సిల్ లెక్కలో లేవు. భార్యాభర్తల్లో కూడా కేర్ తీసుకునేవాళ్ల డబ్బే చూస్తారు. అయితే ఖరీదైన హోమ్ కోసం తేడా మేం కడతాం అని మీరు సంతకం పెడితే మాత్రం ఆ బాకీ మీదే. సంతకానికి ముందు చదవండి.

ఈ హద్దులు, 23,250 అయినా 14,250 అయినా, 2010 నుంచి కదల్లేదు. ధరలతో పాటు పెరిగి ఉంటే పై హద్దు 30 వేలు ఎప్పుడో దాటేది. ఏ పార్లమెంటులోనూ ఓటు వేయకుండానే ఏటా ఇంకొంతమంది సొంత ఖర్చు జాబితాలోకి జారిపోతున్నారు. 2011లో ప్రభుత్వం వేసిన డిల్నాట్ కమిషన్ ఒక మనిషి జీవితకాలంలో కేర్‌కి కట్టేదానికి 35 వేల పౌండ్ల పరిమితి పెట్టమంది. 72 వేల పరిమితిని 2016 నుంచి అమలు చేస్తామన్నారు, వాయిదా వేసి వదిలేశారు. 2021లో బోరిస్ జాన్సన్ 86 వేలు అన్నారు, అదీ వాయిదా పడింది, 2024 జులైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఇప్పుడు సోషల్ కేర్ మీద ప్రభుత్వం వేసిన లూయీస్ కేసీ కమిషన్ పని చేస్తోంది, దాని పూర్తి నివేదికకి పెట్టుకున్న గడువు 2028. పక్కనే స్కాట్లండ్‌లో 65 దాటినవాళ్లకి వ్యక్తిగత సంరక్షణ 2002 నుంచే ఉచితం. వేల్స్‌లో ఇంటి దగ్గర కేర్‌కి వారానికి 100 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉంది. చేయాలనుకుంటే చేయవచ్చని ఇవి చూపిస్తున్నాయి. ఇంగ్లండ్‌లో చేయకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, మళ్లీ కోలుకోవడానికి ఆరు వారాల దాకా ఇచ్చే సాయానికి ఛార్జీ ఉండకూడదు. జబ్బే ప్రధాన కారణమైతే ఖర్చంతా ఎన్‌హెచ్‌ఎస్ భరించే పథకం ఉంది, దానికి పరీక్ష చేయమని అడగండి. డబ్బు ఎంత ఉన్నా కేర్ అవసరమా కాదా అని చూసే అసెస్‌మెంట్ కౌన్సిల్ చేసి తీరాలి.

బిల్లు మీద అనుమానం ఉంటే, ఏ ఆదాయం ఎంత కలిపారో, ఏ ఖర్చు ఎంత తీసేశారో రాతపూర్వకంగా అడగండి. తప్పు కనిపిస్తే ముందు కౌన్సిల్‌కి ఫిర్యాదు. వాళ్లు సరిచేయకపోతే సోషల్ కేర్ అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. రూపాయి ఖర్చు ఉండదు. మామూలుగా సమస్య తెలిసిన 12 నెలల లోపు వెళ్లాలి, కాబట్టి ఆ కవర్లు పారేయకుండా తేదీలతో దాచండి.