జొన్నరొట్టె, గుడ్లు, గుడాలు: కండకు సరిపోయే లెక్క

[తెర మీద: పెనం మీద జొన్నరొట్టె, పక్కన చిన్న ఎలక్ట్రానిక్ కాంటా]

పాలమూరులనో నల్లగొండలనో జిమ్ముకు పోయే 60 కిలోల పిల్లగాడు అనుకుందాం. ఆరు నెలల సంది బరువులు లేపుతున్నడు, చెయ్యి లావైతలేదు. ప్రొటీన్ డబ్బా కొనాల్నా అని అడుగుతడు. ముందుగాల ఇంట్ల తినేది కాంటా మీద పెట్టి చూడాలె.

కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా కండకు పనికొస్తది. ఆ పైన తిన్నా చాలామందికి పెద్దగా లాభం ఉండది. అంటే ఈ పిల్లగానికి 96 గ్రాములు.

[తెర మీద: పూటపూటకు పళ్లెం, పక్కన గ్రాములు]

పొద్దుగాల రెండు జొన్నరొట్టెలు, అంటే 100 గ్రాముల పిండి: 10 గ్రాములు. మూడు ఉడకబెట్టిన గుడ్లు: 18. పగటీలి 100 గ్రాముల బియ్యం అన్నం: 7. గట్టి పప్పు, 50 గ్రాముల కందిపప్పుతోని: 11. గ్లాసు పెరుగు: 6. సాయంత్రం 50 గ్రాముల ఎండు శనిగల గుడాలు: 10. పిడికెడు పల్లీలు: 7. రాత్రి రెండు రొట్టెలకు 10, 100 గ్రాముల బొక్కలేని పచ్చి చికెన్‌కు 20, కలిపి: 30. మొత్తం 99. చికెన్ తిననోళ్లు 40 గ్రాముల ఎండు మీల్ మేకర్ నానబెట్టి వండుకుంటే అదే 20 గ్రాములు వస్తది.

లెక్క తప్పేది ఎక్కువగా పప్పు కాడనే. అదే 50 గ్రాముల పప్పును నలుగురికి పలచగ చారు చేస్తే మనిషికి మూడు గ్రాములు కూడా రాదు. గిన్నె నిండా పోసుకున్నా అది నీళ్లే.

జొన్నల లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కట్టే ముక్కలల్ల ఒకటి) తక్కువ, పప్పుల అది బాగుంటది. అందుకే రొట్టె, పప్పు జోడీ మంచిది. ఒకే పూట కలిపి తినాలనేం లేదు, రోజు మొత్తంల రెండూ ఉంటే చాలు.

ఇగ పల్లీలు. వనపర్తి, గద్వాల, అచ్చంపేట దిక్కు బాగ పండుతయి, చౌక గూడ. కానీ 100 గ్రాములల్ల ప్రొటీన్ 25 ఉంటే కొవ్వు 49 ఉంటది. 96 గ్రాములు పల్లీలతోనే తీర్చాలంటే దగ్గరదగ్గర 380 గ్రాములు తినాలె, అది 2,100 క్యాలరీలు. పిడికెడు కాడ ఆగుడే మంచిది.

పచ్చిగుడ్లు గటగట తాగేటోళ్లు ఆ పని మానాలె. ఉడికిన గుడ్డుల ప్రొటీన్ 90 శాతం దాకా ఒంటికి పడితే, పచ్చిదాంట్ల సగమే. పైగా కడుపు పాడుచేసే సాల్మొనెల్లా అనే క్రిమి భయం.

[తెర మీద: బార్‌బెల్, పక్కన నోట్‌బుక్]

తిండి కుదిరినా జిమ్ముల లేపే బరువు పెరగకపోతే కండ రాదు. 40 కిలోలు లేపుతున్నడనుకుందాం: ఆగకుండ ఎనిమిదిసార్లు లేపితే ఒక సెట్టు, అట్ల మూడు సెట్లతోని మొదలుపెట్టాలె. మూడు సెట్లల్ల ఒక్కోదాంట్ల పన్నెండుసార్లు వచ్చిననాడు 42.5కు పోవాలె. చాలా జిమ్ములల్ల 2.5 కిలోల ప్లేటే చిన్నది. రెండు దిక్కులా ఎక్కిస్తే ఒక్కసారే 5 కిలోలు పెరిగి, నడుము వంచి లేపుతరు, అక్కడనే దెబ్బ తగులుతది. 1.25 కిలోల జత సొంతంగ కొనుక్కోవాలె. పెద్ద బరువులకు సెట్టు సెట్టుకు నడుమ రెండు మూడు నిమిషాలు ఆగాలె.

కసరత్తు చేసినంక కండ కట్టే పని ఒకటి రెండు రోజులు జోరుగ నడిచి తగ్గుతది. ఛాతీకి సోమవారం ఒక్కటే పెట్టుకుంటే మిగిలిన రోజులు ఆ జోరు ఉండది. అందుకే అవే సెట్లు వారంల రెండు రోజులకు పంచుకోవచ్చు.

కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు మాత్రం డాక్టరును అడగకుండ ప్రొటీన్ పెంచొద్దు.

[తెర మీద: బరువు కాంటా, వారం సగటు]

రోజూ లేవంగనే, ఏం తినకముందు బరువు చూసి రాసుకోవాలె, వారానికి సగటు తీయాలె. వారానికి 150 నుంచి 300 గ్రాములు పెరిగితే సరైన దారి. రెండు వారాలు కదలకపోతే పగటీలి అన్నంతోని ఒక రొట్టె ఎక్కువ తినాలె, ఇంకో రెండు వారాలు చూడాలె.