మరుగుదొడ్డి గీసేదెవరు?

వేదిక మీది పెద్దలకు, భోజనం చేసి వచ్చి కునుకు ఆపుకుంటున్న మిత్రులకు నమస్కారం. నా గురించి ఉన్నవీ లేనివీ కలిపి చాలానే చెప్పారు. వాటిని సరిదిద్దుతూ కూర్చుంటే నాకిచ్చిన టైమ్ అయిపోతుంది, వదిలేద్దాం. విదేశాల్లో బడి డిజైన్ చేసే బృందంలో వాలంటీర్‌గా వెళ్తే ఏం నేర్చుకోవచ్చో చెప్పమన్నారు. సర్టిఫికెట్లూ ఫొటోలూ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ రోజు శనివారం. అక్కడ వారం సెలవు శనివారమే. వేల తరగతి గదులు కూలాయి, లోపల పిల్లలు లేరు. అదే ఆదివారం వచ్చి ఉంటే? తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత బళ్లు మళ్లీ కట్టడానికి చాలా దేశాల నుంచి వాలంటీర్లు వెళ్లారు. నేనూ ఒక బృందంతో వెళ్లాను.

రాతి గోడకు కాంక్రీటు పట్టీలు ఏ ఎత్తులో వేయాలి, గోడ రెండు పొరలుగా విడిపోకుండా అడ్డంగా పొడుగు రాళ్లు ఎక్కడెక్కడ పెట్టాలి అని గట్టి చర్చే జరిగింది. జరగాలి కూడా, పిల్లల ప్రాణాలు వాటి మీదే ఉన్నాయి. ఆ తర్వాత కిటికీల రంగు మీద ఒక పూట గడిచింది. మరి మరుగుదొడ్లు? ప్లాన్‌లో ఓ మూల చిన్న డబ్బా, అందులో 'టాయిలెట్స్' అన్న మాట. అంతే!

ఆ షీటు చూసి ఆ ఊరి టీచరమ్మ ఒకావిడ, మా వెంట ఉన్న దుబాసీ చేత అడిగించింది, "ఈ తలుపు ఆటస్థలం వైపు ఎందుకు పెట్టారు?" అని. అటువైపు నేల చదునుగా ఉందండీ అన్నాడు మావాడొకడు. ఆవిడ పెన్సిల్ తీసుకుని తలుపు కొట్టేసింది. వెనక వైపు ఇంకో తలుపు గీసి, దాని ముందు అడ్డుగోడ పెట్టింది. "మగపిల్లలు ఆడుకుంటుంటే వాళ్ల ముందు నుంచి పెద్దపిల్లలు ఎవరూ అటు పోరు. ఇంటికి పోతారు. పోయినవాళ్లు ఆ పూట తిరిగి రారు" అంది. లోపల గడియ ఉందా, బట్టలు తగిలించుకోవడానికి మేకు ఉందా, నెలసరి గుడ్డలు ఎక్కడ వేయాలి అని వరసగా అడిగింది.

ఆ మార్పులు రాసి పైకి పంపితే ఏం జవాబు వచ్చిందో తెలుసా? మరుగుదొడ్లు రెండో విడతలో చూద్దాం, ముందు దాతలకు తరగతి గదుల ఫొటోలు కావాలి! రెండో విడత అంటే ఏమిటో ఇక్కడున్న సివిల్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. టాపిక్ పక్కకు పోతోందని నిర్వాహకులు చూస్తున్నారు, పోనివ్వండి.

లెక్కలు తెలియక కాదు కదా. ఆడపిల్లలకు 25 మందికి ఒకటి, మగపిల్లలకు 50 మందికి ఒకటీ, దాంతోపాటు మూత్రశాలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ప్రమాణాలు ఇచ్చింది. నీళ్లు కష్టమైన చోటికీ దారి ఉంది. ఇప్పటి జింబాబ్వేలో 1970లలో గాలిగొట్టం మరుగుదొడ్డి తయారుచేశారు. గుంటలోంచి ఒక గొట్టం కప్పు దాటి పైకి పోతుంది. పైన వీచే గాలి గుంటలోని వాసనను గొట్టంలోంచి లాగేస్తుంది. గది లోపల చీకటిగా ఉంచితే, గుంటలో ఈగలు వెలుతురు కోసం గొట్టంలోకి ఎగిరి పైన జాలీ దగ్గర చిక్కుకుంటాయి. కరెంటు లేదు, మోటారు లేదు. ఇంత తెలివైన డిజైన్ మీ సిలబస్‌లో ఉందా? చేతులెత్తండి. చూశారా!

ఆఁ, ఏం నేర్చుకోవచ్చు అని కదా అడిగారు. బంగ్లాదేశ్‌లో రుద్రపూర్ అనే ఊళ్లో మట్టి, వెదురుతో కట్టిన బడికి 2007లో మంచి కట్టడాలకిచ్చే ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. దాన్ని ఐకే రోస్వాగ్‌తో కలిసి డిజైన్ చేసిన అన్నా హెరింగర్ 1997లోనే ఆ దేశానికి వాలంటీర్‌గా వెళ్లారు, అప్పటికి ఆర్కిటెక్ట్ కాదు. బడి పని మొదలైంది 2005లో. రెండు వారాల ట్రిప్పుకు పోస్టర్లు వేసేవాళ్లు ఈ ఎనిమిదేళ్ల సంగతి చెప్పరు.

ఈసారి వెళ్లే బృందం జాబితా నా దగ్గర ఉంది. తరగతి గదులకు తొమ్మిది పేర్లు, లైబ్రరీకి నాలుగు. మరుగుదొడ్ల ఎదురుగా ఖాళీ. ఆ ఖాళీలో పేరు రాస్తామనేవాళ్లు టీ దగ్గర నన్ను కలవండి. గడియ ఏ ఎత్తులో పెట్టాలన్న దగ్గర్నుంచి మొదలుపెడదాం.