ఎలుక గర్భాశయంలో నీరు ఎందుకు చేరుతుంది?

[తెరపై: రెండు కొమ్ముల గర్భాశయం బొమ్మ]

ఎలుక గర్భాశయం మనిషిదానిలా ఒకే సంచి కాదు. రెండు పొడవాటి కొమ్ములుంటాయి. మామూలు రోజుల్లో అవి సన్నగా, ముడుచుకుని ఉంటాయి. నాలుగైదు రోజులకోసారి మాత్రం నీళ్ళు నింపిన బెలూన్‌లా ఉబ్బిపోతాయి. మొదటిసారి చూసినవాళ్ళు జబ్బేమో అనుకుంటారు. కాదు, అది ప్రోఈస్ట్రస్ దశ. అండం విడుదలకు ముందు రోజు. కాలిఫోర్నియాలో లాంగ్, ఇవాన్స్ అనే శాస్త్రవేత్తలు 1922లోనే ఈ చక్రాన్ని వివరంగా రాసిపెట్టారు.

[తెరపై: గర్భాశయం లోపలి పొర, దగ్గరగా]

మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా? ఉప్పు ఎటుంటే నీరు అటు పోతుంది. ఇక్కడా అంతే. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పెరిగినప్పుడు లోపలి పొర కణాల్లో సీఎఫ్‌టీఆర్ అనే మార్గాలు ఎక్కువవుతాయి. వాటిగుండా క్లోరైడ్ కణాల్లోంచి కొమ్ము లోపలి ఖాళీలోకి వస్తుంది, దాని వెంట సోడియం వస్తుంది. ఈ రెండూ కలిస్తే ఉప్పే, అందుకే నీరూ వస్తుంది. పైగా గర్భాశయ ముఖద్వారం బిగుసుకుని ఉంటుంది. వచ్చిన నీరు వచ్చినట్టే నిలిచిపోతుంది.

ప్రోఈస్ట్రస్ రోజు మధ్యాహ్నం, అండం విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. దాంతో అండాశయం ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ వదులుతుంది, ముఖద్వారం సడలుతుంది, ద్రవం జారిపోతుంది. ఈస్ట్రోజన్ చెరువు నింపితే ప్రొజెస్టిరాన్ తూము ఎత్తుతుందన్నమాట. గర్భం వచ్చినప్పుడు కూడా ఉన్న ద్రవాన్ని గోడలు పీల్చేసుకునేలా చేసేది ప్రొజెస్టిరానే. అప్పుడే గోడలు దగ్గరపడి పిండాన్ని పట్టుకుంటాయి. నీరు నిలిచి ఉంటే పిండం అతుక్కోవడం కష్టం.

[తెరపై: త్రాసు, తడి ఫిల్టర్ కాగితం]

ఈ ఉబ్బునే కొలబద్దగా వాడుకోవచ్చని 1938లో ఆస్ట్‌వుడ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఈడు రాని ఎలుకకు ఈస్ట్రోజన్ ఇస్తే ఆరు గంటల్లోనే గర్భాశయం గోడలోకి నీరు చేరి బరువు పెరుగుతుంది. ఒక రసాయనం ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుందా లేదా అని తేల్చే, ఓఈసీడీ అనే దేశాల కూటమి ఖరారు చేసిన 440వ పరీక్ష కూడా గర్భాశయం బరువు మీదే నడుస్తుంది. కనీసం మూడు రోజులు వరసగా మందిచ్చి, చివరి మోతాదు తర్వాత 24 గంటలకు గర్భాశయం తీస్తారు. ముందు ద్రవంతో సహా తూస్తారు. తర్వాత కొమ్ముకు గాటు పెట్టి, తడి ఫిల్టర్ కాగితాల మధ్య మెల్లగా ఒత్తి, ద్రవమంతా పోయాక మళ్ళీ తూస్తారు.

ఇక్కడ చెయ్యి నెమ్మదిగా ఉండాలి. తీసేటప్పుడే కత్తెర మొన తగిలితే ద్రవం కారిపోతుంది, మొదటి బరువు పోయినట్టే. ఆ ప్రాణి తిరిగి రాదు. మేత సంగతీ మరిచిపోకండి: సోయాలో ఈస్ట్రోజన్‌లా పనిచేసే పదార్థాలుంటాయి. అవి ఎక్కువైతే మందివ్వని ఎలుకల్లోనే గర్భాశయం బరువెక్కి కూర్చుంటుంది.

[తెరపై: పొట్ట ఉబ్బిన చుండెలుక]

మరి తూము పుట్టుకతోనే మూసుకుపోయి ఉంటే? కొన్ని చుండెలుకల్లో యోనిద్వారం తెరుచుకోదు. ప్రతి చక్రంలో ఊరిన ద్రవం బయటికి దారిలేక లోపలే చేరుతూ పోతుంది. పొట్ట పెరుగుతుంది. గర్భమనుకుని పంజరం చీటీ మీద కాన్పు తేదీ రాసేస్తారు. చుండెలుకకు గర్భం మూడు వారాలే. ఆ గడువు దాటినా పిల్లలు లేకపోతే, ఇంకో వారం ఎదురుచూడకండి. ఆ రోజే దాన్ని చేతిలోకి తీసుకుని, తోక ఎత్తి, ద్వారం ఉందో లేదో చూడండి.